ఎవరి లెక్క వారిదేనా?

‘ఎవరికి వారే యమునా తీరే’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ప్రమాదాల విషయంలో ఆ మాట ఎంత నిజమో మన మేడ్చల్, శామీర్‌పేట వాళ్ళకు చెప్పనక్కరలేదు.

2014 జూలై 24న మేడ్చల్ మీదుగా పోయే రైలు మార్గంలోనే, మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద స్కూలు బస్సును రైలు ఢీకొంది. ఎంతోమంది పసిపిల్లలు చనిపోయారు. పట్టాలు రైల్వే వారివి. బస్సు ఫిట్‌నెస్, డ్రైవరు లైసెన్సు రవాణా శాఖ చూస్తుంది. బడి విద్యాశాఖ కింద ఉంటుంది. కాపలా లేని గేటు దగ్గర బస్సు ఆపి, ఒక మనిషి దిగి చూసి దాటించాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతుంది. కాని ఏ బడి బస్సు ఏ గేటు దాటుతుందో ముందే తెలియాలంటే ఈ శాఖల కాగితాలన్నీ ఒక్క బల్ల మీదికి రావాలి. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో అలాంటి గేట్లన్నీ తొలగించారు. పోయిన పిల్లలు మాత్రం తిరిగి రారు.

2005 విపత్తు నిర్వహణ చట్టం ఈ పనికే దారి చూపింది. జిల్లాలో ప్రతి శాఖా తన ప్రణాళిక తయారు చేసుకోవాలి. కలెక్టరు అధ్యక్షులుగా ఉండే జిల్లా సంస్థ మొత్తం జిల్లాకు ఒక ప్రణాళిక వేసి, వాటిని సమన్వయం చేయాలి.

అయితే కాగితాలన్నీ కలిపి కుట్టినంత మాత్రాన లెక్క కలిసినట్టు కాదు. ఒక శాఖ ‘ఎక్కువ’ అన్నదాన్నే మరో శాఖ ‘మామూలు’ అనవచ్చు. కాబట్టి మొదట అందరికీ ఒకే కొలత ఉండాలి. తర్వాత అన్నిటినీ ఒకే పటం మీద గుర్తించాలి. ఒకటి జరిగితే దాని వెనుక ఏది వస్తుందో చూడాలి. ఉదాహరణకు, చెరువు మత్తడి దుంకితే రోడ్డు మునుగుతుంది. కరెంటు ఆపితే నీళ్ళ మోటారు ఆగుతుంది. మురుగు కలిసిన నీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు. నీటిపారుదల, రోడ్లు, విద్యుత్తు, ఆరోగ్య శాఖలు దేనికది చూస్తే ‘మధ్యరకం’. ఒకే వాడలో, ఒకే రాత్రి కలిస్తే ప్రాణాపాయం. చివరగా, ప్రతి దానికీ ఫలానా అధికారి, ఫలానా తేదీ అని రాసుకోవాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

ఈ సంచిక కోసం మేము మన హాస్టల్‌లోనే ఇది చేసి చూశాం. నోటుబుక్కులో గళ్ళు గీసి ఒక్కొక్కరినీ అడిగాం. వంటగది గోడ చెమ్మకు స్విచ్చు బోర్డు అప్పుడప్పుడు చిటపటమంటుందని ఎలక్ట్రీషియన్ అన్నారు. చోటు లేక సిలిండర్లు ఆ గోడ పక్కనే పెడుతున్నామని వంటమనిషి అక్క చెప్పింది. దొంగల భయంతో రాత్రి వెనుక తలుపుకు తాళం వేస్తున్నానని వాచ్‌మన్ తాత చెప్పాడు. ఎవరి మాటా తప్పు కాదు. కాని మూడూ ఒక్క పేజీలో చూసేసరికి మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వెనుక తలుపు పక్కనే చిన్న తరగతుల తమ్ముళ్ళు పడుకుంటారు.

మర్నాడే వార్డెన్ సారుతో మాట్లాడి సిలిండర్లు బయటికి మార్చాం. తలుపుకు తాళం తీసేసి లోపలి గడియ పెట్టించాం. బోర్డు మార్చడానికి అర్జీ రాశాం.

మనలో కొందరు రేపు ఉద్యోగులవుతారు, కొందరు ప్రజాప్రతినిధులవుతారు. మీ బల్ల మీదికి ఏ ఫైలు వచ్చినా, పక్క గదిలోని ఫైలు కూడా ఒకసారి తెప్పించుకోండి. హాస్టల్ అన్నం తిన్న మనం అడిగే గురుదక్షిణ ఇదే.