గుడిమల్లము చెంత ఒక రాత్రి బస

రేణిగుంట నుండి గూడూరునకు పోవు రైలుమార్గములో శ్రీకాళహస్తికి ముందు ఏర్పేడు స్టేషను వచ్చును. స్వర్ణముఖీ తీరమునగల గుడిమల్లము ఈ మండలములోనిదే. తిరుపతి, కాళహస్తి క్షేత్రములకు వచ్చు యాత్రికులు గుడిమల్లము చూడగోరినను, సాధారణముగా దర్శనము ముగించుకొని రాత్రి బసకు పట్టణమునకే మరలుదురు. ఊరికి వారు చుట్టపుచూపు వారైనను కారు, దారిన పోవువారే.

కాని పరశురామేశ్వరాలయము అరగంటలో చూచి పోదగినది కాదు. సుమారు 5 అడుగుల యెత్తుగల శిలాలింగముపై శివుడు యక్షుని భుజములమీద నిలిచియున్నాడు. కుడిచేత ఒక మృగము, ఎడమచేత చిన్న పాత్ర, ఎడమ భుజముపై గండ్రగొడ్డలి కలవు. గోపీనాథరావుగారు 20వ శతాబ్ది తొలినాళ్లలో దీనిని పరిశీలించి, క్రీస్తుపూర్వము 2వ శతాబ్ది నాటిదని తలంచిరి. కాలనిర్ణయమున పండితులలో భేదాభిప్రాయములున్నవి. అయినను మనకు తెలిసిన మిక్కిలి ప్రాచీన శివలింగములలో దీనిని లెక్కింతురు. 1954లో ఆలయము కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనికి వచ్చినది. 1973లో అచట త్రవ్వకములు జరిగినవి. గజపృష్ఠాకారపు గర్భగృహమును, పల్లవ, బాణ, చోళుల కాలపు శాసనములను తీరికగా చూడవలెనన్న ఒక ఉదయము కావలెను. గాజుపూసలకు పేరుపొందిన పాపానాయుడుపేటయు సమీపముననే కలదు.

మరి బస యెక్కడ? పాశ్చాత్య దేశములలో గృహస్థులే తమ యింట ఒక గది అద్దెకిచ్చి, ఉదయము ఫలహారము పెట్టుదురు. ఇది మనకు క్రొత్త కాదు. సత్రము ధర్మమునకు అన్నము పెట్టినది. పూటకూళ్ల యిల్లు వెల తీసికొని పెట్టినది. ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామములో ఒక రూకకు కడుపునిండ భోజనము దొరకు పూటకూటిల్లు కలదు. నేడు భారత ప్రభుత్వపు పర్యాటకశాఖయు ఇట్టి గృహములను గుర్తించుచున్నది. గదులు 1 నుండి 6 వరకు ఉండవచ్చును; యజమాని కుటుంబము ఆ యింటనే కాపురముండవలెను.

అతిథులకొరకు క్రొత్త గది కట్టదలచినవారు ఒక సంగతి మరువరాదు. 2010లో సవరించిన చట్టము ప్రకారము రక్షిత కట్టడపు హద్దునుండి 100 మీటర్లలోపల క్రొత్త కట్టుబడి నిషిద్ధము. ఆపైన 200 మీటర్ల వరకు అనుమతి పొందియే కట్టవలెను. 100 మీటర్లలోపలి పాత యింటి మరమ్మతునకును అనుమతి కావలెను. తెలియక పునాది త్రవ్వినవాడు అప్పును, కేసును రెండింటిని తలకెత్తుకొనును. కావున ఉన్న యిల్లే చక్కజేసికొనుటయో, దూరముగానున్న వీధిని ఎంచుకొనుటయో మేలు.

అతిథి కోరునది మేడ కాదు. ఉతికిన దుప్పటి, పరిశుభ్రమైన స్నానపుగది, కాచి చల్లార్చిన నీరు, ఉదయము వేడి ఇడ్డెనలు, వేరుసెనగకాయల పచ్చడి చాలును. వెల ముందే చెప్పినచో మాట పట్టింపులుండవు. అతిథికిని విధులు కలవు: శాసనములపై పసుపు పూయరాదు, శిల్పములను తాకరాదు, ఊరి నిద్ర చెడగొట్టరాదు.

రక్షణశాఖవారి కావలి ఒక్కటియే ఏ ప్రాచీన కట్టడమునకును చాలదు. గుడికి వచ్చిన అతిథివలన ఊరిలోని యింటికి నాలుగు రూపాయలు చేరినపుడు, ఆ గుడిని కాపాడుట ఊరివారందరికి ఇంటిపని యగును. మనము ఈసారి కాళహస్తికి పోవునపుడు ఒక రాత్రి ఈ ప్రాంతమున బస చేయుదము.