అరకు వీడియోలతో ఫోన్ నిండిపోయిందా? ఎంత స్టోరేజ్ కావాలో ఇలా లెక్కేసుకోండి!

వంజంగి మేఘాలు, బొర్రా గుహలు, థింసా నృత్యం.. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీకి వెళ్తే ఫోన్ కింద పెట్టబుద్ధి కాదు. పర్యాటకులే కాదు, అక్కడి గిరిజన యువత కూడా తమ పండుగలు, పాటలు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. అయితే 'స్టోరేజ్ ఫుల్' అని రాగానే చాలామంది పాతవి డిలీట్ కొట్టేస్తారు. మేఘాలు మళ్లీ వస్తాయి. కానీ ఊళ్లో ఓ పెద్దావిడ కువి భాషలో పాడిన పాట పోతే మళ్లీ దొరక్కపోవచ్చు. అందుకే ముందే లెక్క వేసుకోవాలి.

గంట వీడియోకి ఎంత?
ఫోన్, సెట్టింగ్‌లను బట్టి ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 4 నుంచి 8 జీబీ, 4కే అయితే 10 నుంచి 20 జీబీ పడుతుంది. వారానికి గంట చొప్పున 4కే తీస్తే, గంటకు 20 జీబీ లెక్కన ఏడాదికి దాదాపు 1 టీబీ. ఎడిటింగ్ ఫైళ్లు దీనికి అదనం. అంటే 2 టీబీ డ్రైవ్ ఉంటేనే నిశ్చింత. 512 జీబీ ల్యాప్‌టాప్ ఒక్కటే సరిపోదు. అందులో విండోస్, సాఫ్ట్‌వేర్లకే కొంత పోతుంది. పైగా 1 టీబీ డ్రైవ్ కొన్నా కంప్యూటర్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది. అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.

క్లౌడ్ చాలదా?
గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నీ అందులోనే. డబ్బులు కట్టి ఎక్కువ తీసుకున్నా, కొండల్లో సిగ్నల్ అందాలి కదా! అప్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ ఉంటే 20 జీబీ ఎక్కడానికి 22 గంటలు పడుతుంది.

హార్డ్ డిస్కా? ఎస్ఎస్‌డీనా?
హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం ఉంటుంది. పనిచేస్తుండగా కుదుపు తగిలితే పాడయ్యే ప్రమాదం ఉంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలు ఉండవు. కాబట్టి ఘాట్ రోడ్డు ప్రయాణాలకు ఎస్ఎస్‌డీ, ఇంట్లో దాచుకోవడానికి తక్కువ ధరలో దొరికే హార్డ్ డిస్క్ మేలు. వానాకాలం తేమ తగలకుండా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్‌తో పెట్టాలి.

ఇది మర్చిపోవద్దు!
ఎంత ఖరీదైన డ్రైవైనా ఏదో ఒక రోజు మొరాయిస్తుంది. అందుకే 4 టీబీది ఒకటి కొనే బదులు 2 టీబీవి రెండు కొని, రెండింట్లోనూ అవే ఫైళ్లు ఉంచుకోవాలి. ఒకటి అరకులో ఉంటే, రెండోది విశాఖలో చుట్టాలింట్లోనో, స్నేహితుల దగ్గరో పెట్టాలి. రెండు కాపీలూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే ఫోన్‌లో వీడియో డిలీట్ చేయాలి.