40కీ 44కీ మధ్య

కారుకి చిన్న చక్రాలు వేస్తే బండి కిందికి దిగుతుంది. ఎంత? చక్రం తగ్గినంత కాదు, అందులో సగం. ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యలో కదా! చక్రం అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు తగ్గితే బండి దిగేది పన్నెండున్నర. ఆ పన్నెండున్నరనీ మళ్లీ రాబట్టుకోవాలంటే సస్పెన్షన్ మీద చెయ్యి వెయ్యాలి. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో అందుకు పెట్టిన ఏర్పాటు చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

దాని వెనక చక్రాల దగ్గర లారీలకుండే కమాను కట్టలు లేవు, చుట్ట స్ప్రింగులూ లేవు. ఫెర్డినాండ్ పోర్షే 1931లో పేటెంటుకి పెట్టిన టోర్షన్ బార్ ఉంటుంది. బొటనవేలి లావు ఉక్కు కడ్డీ అది. బండికి అడ్డంగా ఓ గొట్టంలో పడుకుని ఉంటుంది. లోపలి కొస చాసిస్‌లో కదలకుండా కూర్చుంటే, బయటి కొస స్ప్రింగ్ ప్లేటు అనే పట్టీలో దిగుతుంది. పట్టీ చివర చక్రం. చక్రం గతుకెక్కితే పట్టీ లేస్తుంది, కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. బట్ట అలాగే ఉండిపోతుంది. ఉక్కు మాత్రం మెలి విప్పుకుని చక్రాన్ని రోడ్డుకేసి నొక్కుతుంది.

ఎత్తు మార్చడమంటే ఆ పట్టీ వాలు మార్చడమే. కడ్డీ రెండు కొసలకీ చుట్టూ పళ్లున్నాయి. లోపల 40. ఒక్క పన్ను జరిపితే 9 డిగ్రీలు, అంటే చక్రం దగ్గర సుమారు ఆరు సెంటీమీటర్లు. మనకి కావలసింది సెంటీమీటరు చిల్లర! పళ్లు సన్నం చేద్దామా అంటే బండి బరువుకి అరిగి రాలిపోతాయి.

అందుకని బయటి కొసకి 44 పళ్లు పెట్టారు. అక్కడ ఒక పన్ను అంటే 8 డిగ్రీల 11 నిమిషాలు. లోపల ఒక పన్ను ముందుకి, బయట ఒక పన్ను వెనక్కి జరిపితే మిగిలేది 49 నిమిషాలు, డిగ్రీ కూడా కాదు. చక్రం దగ్గర ఆరు మిల్లీమీటర్లు. పన్నెండున్నరకి రెండుసార్లు జరిపితే సరి. 40కీ 44కీ క.సా.గు. 440, అన్ని పళ్లు కోస్తే వచ్చే సున్నితం 84 పళ్లతోనే వచ్చేసింది. ఇంటర్ ల్యాబ్‌లో విసుక్కుంటూ చదివిన వెర్నియర్ కాలిపర్స్ కిటుకే ఇది, గ్రీజు పూసుకుని ఇక్కడ కూర్చుంది.

చిన్న చక్రం వేసిన ప్రతిసారీ ఈ సర్దుబాటు అక్కర్లేదు. 1952 అక్టోబరులో బీటిల్ చక్రం 16 అంగుళాల నుంచి 15కి తగ్గింది. అయితే టైరు లావెక్కింది కాబట్టి మొత్తం కొలత పెద్దగా మారలేదు. ఇనుము పోయినచోట రబ్బరు వచ్చింది, అంతే.

పళ్లు జరిపే పని మాత్రం మోటుది. మెలిబడి ఉన్న కడ్డీ బలంగా నొక్కుతున్న పట్టీ ఆనిక మీంచి జారితే కాలో చెయ్యో విరుగుతుంది. కింద జాకీ పెట్టి మెల్లగా దించాలి. పళ్లు విడదీసేముందే సుద్దతో గీతలు పెట్టుకోవాలి. దిక్కు మరిచి రెండు కొసలూ ఒకేవైపు తిప్పారా, 17 డిగ్రీల పైచిలుకు తేడా!

అంతా బిగించి జాకీ దించగానే టేపు తియ్యకూడదు. గాల్లో వేలాడిన వెనక చక్రాలు కింది అంచులు లోపలికి ముడుచుకునే నేలకి ఆనతాయి. రబ్బరు నేలని పట్టుకోవడంతో వెంటనే విచ్చుకోవు. ఎత్తు ఎక్కువైపోయిందని మళ్లీ విప్పడం మొదలెడతారు కొత్తవాళ్లు. బండిని నాలుగు గజాలు ముందుకీ వెనక్కీ తోసి, అప్పుడు కొలవాలి.