నేల క్రుంగుటను కొలుచు విధము

బాపట్ల సముద్రతీరమున ఇసుకదిబ్బ యడుగున చేయి దూర్చి ఇసుకను తీసిన బాలుడెవ్వడైనను ఒక వింతను చూచియుండును. తీసినది అడుగున, గుంట పడినది పైన. భూగర్భమునుండి బొగ్గును తీయునపుడును ఇట్లే జరుగును.

తెనాలి, రేపల్లె ప్రాంతములలో బొగ్గుగనులు లేవు. గోదావరీ లోయలో ఉన్నవి. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను; 1889లో త్రవ్వకము మొదలయ్యెను. నేడు కొత్తగూడెము, రామగుండము, మందమర్రి మున్నగు తావుల సింగరేణి సంస్థవారు బొగ్గు తీయుచున్నారు.

భూగర్భపు గనులలో పలుచోట్ల పైకప్పును మోయుటకై నడుమ నడుమ బొగ్గునే స్తంభములుగా విడుతురు. తుదకు వానినిగూడ తీసినచో కప్పు కూలును. ఆ కూలుదల రాతిపొరల వెంట పైకి ప్రాకి, నేల పళ్లెమువలె క్రుంగును. ఈ పళ్లెము క్రింద త్రవ్విన మేరకంటె వెడల్పుగా నుండుటయు గలదు. దాని యంచులయొద్ద నేల సాగి బీటలు వాఱును, నడుమ నొక్కుకొనును. తీసిన చోట ఇసుకను నీటితో పంపి నింపినచో క్రుంగుదల మిక్కిలి తగ్గును. రైలుమార్గమునకు గాని, బాటకు గాని, పరుల కట్టడమునకు గాని 45 మీటర్లలోపల అనుమతి లేక త్రవ్వరాదని గనుల నిబంధన.

ఇక కొలుచుట యెట్లు? నేలపై వరుసగా గుఱుతురాళ్లు పాతి, లెవెలు యంత్రముతో వాని యెత్తును, గొలుసుతోనో నూతన యంత్రముతోనో వాని యెడమును మాటిమాటికి కొలుతురు. 10 మీటర్ల యెడమున నున్న రెండు రాళ్లలో ఒకటి 20 మిల్లీమీటర్లు అధికముగా దిగినదనుకొందము. అచట వాలు మీటరునకు 2 మిల్లీమీటర్లు. ఆ యెడము 30 మిల్లీమీటర్లు పెరిగినచో సాగుదల మీటరునకు 3 మిల్లీమీటర్లు. గోడలను పగులగొట్టునది సాధారణముగా ఈ వాలును సాగుదలయునే. అంతయు నొక్క తీరున దిగిన యిల్లు చెక్కుచెదరక నిలువవచ్చును. ఉపగ్రహములనుండి రాడారుతోను నేడు కొలుచుచున్నారు. కాని పైరులు, చెట్లు గల చోట ఆ చూపు మసకబారును. గావున గుఱుతురాళ్లు నేటికిని కావలసియున్నవి.

విద్యార్థులారా, ఇందు రెండు నియమములు మఱవరానివి. కొలతకు మూలమైన స్థిరబిందువు క్రుంగు మేరకు వెలుపల నుండవలెను. అదియు దిగినచో, దిగిన నేలయు దిగనట్లే కానవచ్చును. మొదటి కొలత త్రవ్వకమునకు ముందే తీయవలెను. జానెడు పల్లమైన మడిలో నీరెట్లు నిలుచునో మన డెల్టా రైతుల బిడ్డలకు చెప్పనక్కఱలేదు. గనిపై నున్న రైతు తన మడి క్రుంగినదని మొఱపెట్టుకొన్నపుడు, పూర్వపు టెత్తు వ్రాసియున్న కాగితమే యతనికి సాక్షి. అది లేనిచో అతని మాట నమ్మువారెవ్వరు? కావున కొలత పుస్తకమున తేదీతోగూడ సరిగా వ్రాయబడిన యొక్క యంకె ఒక కుటుంబపు కూడును గూడును కాపాడగలదని మేము తలంతుము.