పశ్చాత్తాపము - మారుమనస్సు

వాడుకలో ఈ రెండు పదములను మనము సమానార్థకములుగానే గ్రహింతుము. బహుళప్రచారము గల తెలుగు బైబిలును పరిశీలించినచో వీనికి భేదము కలదని మాకు తోచుచున్నది.

'పశ్చాత్తాపము' తరువాత కలుగు తాపము. అది జరిగిన కార్యమును చూచి వగచును. 'మారుపేరు' మొదలగు సమాసములందువలె 'మారుమనస్సు' నందును 'మారు' శబ్దమునకు వేఱొక యని యర్థము. గ్రీకు మూలమందలి 'మెటనోయియా' పదమునకు బుద్ధి మారుట యనియే భావము.

మత్తయి సువార్త 27వ అధ్యాయమున యూదా విషయమై మూలమందు వేఱొక క్రియ కలదు. అచ్చట అనువాదకులు పశ్చాత్తాపపదమునే వాడిరి. యూదా వగచెను, పాపము నొప్పుకొనెను, ముప్పది వెండినాణెములను మరల నిచ్చెను. ఇంత చేసియు క్షమింపగలవానివైపు తిరుగక ఉరి వేసికొనెను. అతనికి కొఱవడినది దుఃఖము కాదు, నమ్మకము.

మారుమనస్సును ప్రశంసించు లూకా సువార్త 15వ అధ్యాయముననే తప్పిపోయిన కుమారుని కథ కలదు. అతనిని ఇంటికి మరలించినది మొదట ఆకలియే. కూలివానిగా నుంచుకొమ్మని వేడుటకు మాటలు కూర్చుకొని బయలుదేరెను. తండ్రి దూరముననే చూచి, పరుగెత్తి కౌగిలించుకొనెను. కుమారుడు పాపమును ఒప్పుకొనెను గాని, కూలి మాట యతని నోట వెలువడకమునుపే తండ్రి ప్రశస్తవస్త్రమును తెమ్మనెను.

కావున క్రైస్తవజీవితమున దుఃఖము కరుణకు చెల్లించు వెల కాదు. కరుణ ముందే యెదురువచ్చును. దానివైపు తిరుగుటయే మారుమనస్సు.