పులికి చారలే వేలిముద్ర

దోర్నాల: నల్లమలలో వంటచెరకుకు, తేనెకు వెళ్ళేవారికి బాట పక్కన చెట్లకు మోకాలి ఎత్తున కట్టిన చిన్న పెట్టెలు కనిపిస్తుంటాయి. తమ మీద నిఘాకే పెట్టారని కొందరి అనుమానం. పెట్టింది పెద్దపులి కోసం. ఎదుట ఏ ప్రాణి కదిలినా దానంతటదే బొమ్మ తీసే కెమెరా అది. బాటకు రెండు వైపులా ఎదురెదురుగా కడతారు. ఎందుకంటే పులి కుడి డొక్క మీది చారలు ఎడమ డొక్క మీద ఉండవు. ఒక పులి చారలు మరో పులికి రావు, మన వేలిముద్రల లాగే.

లోగడ పులుల లెక్క అడుగుజాడల మీద సాగేది. జాడ మీద గాజుపలక పెట్టి గీత గీసేవారు, లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసేవారు. అయితే అదే పులి బురదలో నడిస్తే ఒక జాడ, ఇసుకలో నడిస్తే మరో జాడ. ఒకటి రెండుగా లెక్కకెక్కేది. ఈ లెక్క ఎంత మోసం చేసిందో రాజస్థాన్‌లోని సరిస్కాలో బయటపడింది. కాగితాల మీద పులులున్నాయి; 2005లో వెదికితే అడవిలో ఒక్కటీ లేదు. వేటగాళ్ళు మట్టుబెట్టారు.

కర్ణాటకలోని నాగరహొళెలో శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990ల తొలినాళ్ళలోనే కెమెరాలు కట్టి, చారలు చూసి పులులను లెక్కగట్టారు. సరిస్కా దెబ్బ తగిలాక గాని దేశమంతా ఆ దారి పట్టలేదు. 2006 గణనలో దేశం మొత్తం మీద 1,411 పులులని అంచనా వేశారు. 2022లో ఆ అంచనా 3,682.

1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలోనూ ఇప్పుడిదే పద్ధతి. పులి ఏ వాగు దాటుతుందో, ఏ బాట పడుతుందో చెంచులకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ ఉండదు. పులి మలంలో మిగిలిన వెంట్రుకలను సూక్ష్మదర్శినిలో చూసి అది దుప్పిని తిన్నదో, ఆవును తిన్నదో కూడా చెప్పగలుగుతున్నారు.

దీనితో రైతుకేం పని అంటే, ఉంది. అడవిపందుల కోసం చేనుచుట్టూ కరెంటు తీగ పెడితే పులి కూడా పడి చస్తుంది, కేసు రైతు మెడకు చుట్టుకుంటుంది. చర్మం ఎంత దూరాన పట్టుబడినా, చారలను పాత బొమ్మలతో సరిచూసి అది ఏ అడవి పులో పట్టేస్తున్నారు.

పశువు పోయినప్పుడు ఇదే కెమెరా రైతు పక్షాన సాక్షి. చంపిన జంతువు మళ్ళీ తినడానికి వస్తుంది గనుక, కళేబరం దగ్గర కెమెరా కడితే పులో, చిరుతో తేలిపోతుంది. పరిహారం అర్జీకి ఆధారం దొరుకుతుంది. అందుకు కళేబరాన్ని కదపకుండా, విషం చల్లకుండా ఆ రోజే అటవీ సిబ్బందికి కబురు చేయాలి. వాగులోకి ఈడ్చేసి నాలుగు రోజులకు చెబితే కెమెరాకు దొరికేవి నక్కలే.