మీకు తెలుసా? ముందు పలుపు విప్పండి

తుఫాను వస్తోందంటే కోస్తా ఊళ్లలో ఒకప్పుడు దండోరాలోనూ ఇప్పుడు మైకులోనూ తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: పశువుల కట్లు విప్పేయండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేశాక ఆ మాట ఎందుకంటారో అక్కడివాళ్లకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. గేదెకు ఈత వచ్చు. ఆవుకూ వచ్చు. గుంజకు కట్టిన పలుపుకు రాదు.

కార్చిచ్చుల్లో, వరదల్లో జంతువులను బయటికి తెచ్చే స్వచ్ఛంద కార్యకర్తల గురించి చదువుతూ పోతే నాకు ఎక్కడ చూసినా ఈ పలుపే కనిపించింది. ఒకచోట బస్సు తలుపు, ఒకచోట నైలాన్ పట్టీ, ఇంకోచోట మనిషి మొండితనం. రూపాలు వేరంతే.

కుక్కపిల్ల తెచ్చిన చట్టం

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌ను ముంచింది. సూపర్‌డోమ్ స్టేడియంలో తలదాచుకున్న జనాన్ని తర్వాత బస్సుల్లో తరలించారు. కుక్కలకు చోటు లేదన్నారు. ఒక పిల్లవాడి చేతుల్లోంచి పోలీసు ఒకాయన చిన్న తెల్ల కుక్కను తీసేసుకున్నాడు. దాని పేరు స్నోబాల్. ఆ పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చి ఏడ్చి పిల్లవాడు వాంతి చేసుకున్నాడని అసోసియేటెడ్ ప్రెస్ వార్తలో వచ్చిన రెండు ముక్కలు దేశమంతా తిరిగాయి. మరుసటి ఏడాది, 2006 అక్టోబరులో, పెంపుడు జంతువుల తరలింపు చట్టం వచ్చింది. కేంద్రం నుంచి విపత్తు నిధులు కావాలంటే రాష్ట్రాలూ నగరాలూ తమ ప్రణాళికల్లో పెంపుడు జంతువులున్న కుటుంబాలకూ దారి చూపించాలి.

జాలిపడి చేసిన చట్టమని తీసిపారేయకండి. హెచ్చరికలు వచ్చినా ఇల్లు కదలని వాళ్లను ఫ్రిట్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ తర్వాత అడిగితే, పెంపుడు జంతువును వదిలి రాలేక ఆగిపోయామని చెప్పినవాళ్లు దాదాపు 44 శాతం. కుక్కను ఎక్కించుకోని పడవలోకి మనిషీ ఎక్కడు. ఇంత చిన్న సంగతి అధికారులకు అర్థం కావడానికి ఒక నగరం మునగాల్సి వచ్చింది.

ఇరవై అయిదు కుక్కలూ, ఒక గృహిణీ

మన దగ్గరా అదే కథ. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో త్రిస్సూర్‌లో ఒకావిడ ఇంట్లోకి నీళ్లు వచ్చేశాయి. పడవ వచ్చింది. ఆవిడ చేరదీసిన 25 వీధికుక్కలు మంచాల మీద ముడుచుకుని కూర్చున్నాయి. అవి రాకపోతే నేనూ రానంది. వచ్చినవాళ్లు ఆమెకు నచ్చజెప్పలేక, హ్యూమేన్ సొసైటీ ఇంటర్నేషనల్ వాళ్లకు కబురు పంపారు. వాళ్లు వచ్చి కుక్కలన్నిటినీ తరలించారు. ఈ సంస్థ భారత విభాగం హైదరాబాద్ కేంద్రంగా పనిచేసేదని మనలో చాలామందికి తెలియదు.

పారడైజ్‌లో పచ్చచొక్కాలు

2018 నవంబరు 8 పొద్దున్న ఉత్తర కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణాన్ని కార్చిచ్చు చుట్టేసింది. 85 మంది చనిపోయారు. కాలిన కట్టడాలు 18 వేల పైమాటే. మంటలు ఎంత వేగంగా వచ్చాయంటే, పొద్దున్నే పనికి వెళ్లినవాళ్లకు ఇంటికి తిరిగి వచ్చే దారే లేకుండా పోయింది. ఇంట్లో పిల్లి, పెరట్లో మేకలు, పక్క షెడ్డులో గాడిద, అన్నీ అక్కడే.

పారడైజ్ ఉన్న బ్యూట్ కౌంటీలో నార్త్ వ్యాలీ యానిమల్ డిజాస్టర్ గ్రూప్ అని ఒక స్వచ్ఛంద బృందం ముందునుంచీ ఉంది. జీతాలు లేవు. టీచర్లు, రిటైరైనవాళ్లు, గుర్రాలు పెంచుకునేవాళ్లు. ఇలాంటి బృందాల్లో చేరాలంటే జంతువుల మీద ప్రేమ ఉంటే చాలదు. అగ్నిమాపక దళం నడిచే కమాండ్ పద్ధతి మీద కోర్సులు చదవాలి, రేడియోలో పొడిపొడిగా మాట్లాడటం నేర్చుకోవాలి, నిప్పంటుకోని పసుపుపచ్చ చొక్కాలు తొడుక్కోవాలి. పోలీసు అడ్డంకి దాటేందుకు గుర్తింపు కార్డు ఉండాలి. మనసాగక సొంతంగా ట్రక్కేసుకుని మంటల్లోకి పోయేవాళ్లు ప్రతి కార్చిచ్చులోనూ ఉంటారు. చివరికి వాళ్లను వెతకడానికి ఇంకో బృందం పోవాలి.

యజమాని ఫోన్ చేసి చిరునామా చెబుతాడు. తాళం ఎక్కడుందో, కుక్క కరుస్తుందో లేదో, పిల్లి ఏ మంచం కింద దాక్కుంటుందో రాసుకుంటారు. బుట్టలో పట్టని పిల్లిని దిండు గలీబులో వేసి మూతి కట్టేస్తారు. దానికి ఊపిరాడుతుంది, వీళ్ల చేతులకు గీతలు పడవు. బయటికి తేలేనివాటిని ఉన్నచోటే ఉంచి, రోజూ వెళ్లి మేతా నీళ్లూ పెట్టి వస్తారు. మంటలు దాటిపోయిన తర్వాత కూడా ఈ రాకపోకలు ఆగవు. యజమానులకు ఊళ్లోకి అనుమతి వచ్చేదాకా ఆ మేకలకు దిక్కు వీళ్లే.

వీడియోల్లో కనిపించేది మంటల మధ్య పరుగెత్తే మనిషి. అసలు పని వేరు. శిబిరంలో పేడ ఎత్తడం, దుప్పట్లు ఉతకడం, వచ్చిన ప్రతి ప్రాణికీ ఫొటో తీసి ఒక కాగితం నింపడం. ఆ కాగితమే తప్పిపోయిన పిల్లిని మళ్లీ ఇంటికి చేరుస్తుంది. పారడైజ్‌లో ఊరు కాలిపోయిన నెలల తరవాత కూడా కార్యకర్తలు రాత్రిపూట బోన్లు పెట్టి, అందులో చేప ముక్కలుంచి, మురుగు తూముల్లో దాక్కున్న పిల్లులను పడుతూనే ఉన్నారు.

గుర్రం వెనక్కి పరుగెత్తుతుంది

మంటల్లోంచి బయటికి తోలిన గుర్రం మళ్లీ అదే లాయంలోకి దూసుకుపోతుంది. తెలివి లేక కాదు. దాని బుర్రలో ఆ లాయమే భద్రమైన చోటు, భయం వేస్తే పోవాల్సింది అక్కడికే. అందుకే గుర్రాన్ని బయటికి తేగానే వెనక తలుపు మూసేయమని నేర్పుతారు.

2017 డిసెంబరు 7న శాన్‌డియేగో దగ్గర శాన్ లూయిస్ రే డౌన్స్ అనే పందెపు గుర్రాల శిక్షణ కేంద్రానికి మంటలు అంటుకున్నాయి. దాదాపు 500 గుర్రాలు. ట్రైలర్లలో ఎక్కించే వ్యవధి లేదు. సాహిణీలు, శిక్షకులు పరుగు పరుగున తలుపులు తెరిచి గుర్రాలను వదిలేశారు. 46 గుర్రాలు చనిపోయాయి, మిగతావి బతికాయి. దొరికినవాటిని డెల్ మార్ ఎగ్జిబిషన్ మైదానానికి చేర్చారు. ట్రైలర్ ఉన్న ప్రతివాడూ, ఎవరి గుర్రమో తెలియకుండానే, ఆ రాత్రి డ్రైవరయ్యాడు.

గుర్రం ముఖానికి తగిలించే పట్టీ తోలుదో నూలుదో అయి ఉండాలని ఇలాంటి రాత్రులే నేర్పాయి. నైలాన్‌దైతే వేడికి కరిగి చర్మానికి అంటుకుపోతుంది. ఇంకో కిటుకు: వదిలేయక తప్పనప్పుడు గుర్రం డొక్క మీద పెద్ద అంకెల్లో ఫోన్ నంబరు రాసేస్తారు. కనుమనాడు ఎద్దు కొమ్ములకు రంగులేసే మనకు ఇది వింతగా తోచదు.

2018 నవంబరులో వూల్సీ కార్చిచ్చు మాలిబు మీదికి వచ్చినప్పుడు మిగిలిన చోటు సముద్రపు ఒడ్డొక్కటే. జూమా బీచ్‌లో ఈతగాళ్లను కాచే కాపరుల మంచెకు లామాలను కట్టేశారు. ఇసుకలో గుర్రాలు నిలబడ్డాయి. ఆకాశం నారింజ రంగు పొగ. సినిమా వాళ్ల ఊళ్లో ఏ దర్శకుడూ అల్లని దృశ్యం.

ఓడిన్ కదల్లేదు

2017 అక్టోబరులో కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో టబ్స్ కార్చిచ్చు రాత్రికి రాత్రి ముంచుకొచ్చింది. ఓడిన్ అనే కాపలా కుక్కను కార్లోకి రమ్మంటే రాలేదు. ఎనిమిది మేకలను వదిలి అది ఎక్కడికీ పోదు. ఇంటాయన ఏడుస్తూ వదిలేసి వెళ్లాడు. తిరిగి వచ్చి చూస్తే ఓడిన్ బొచ్చు కమిలి, మీసాలు కరిగి, కుంటుతూ ఎదురొచ్చింది. ఎనిమిది మేకలూ ఉన్నాయి. ఎక్కడినుంచో వచ్చిన జింక పిల్లలు కూడా దాని పక్కన చేరాయి. స్వచ్ఛంద కార్యకర్తల జాబితాలో నేనైతే దీని పేరూ రాస్తాను.

మేజోళ్లతో కట్టిన జింకలు

ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కరీబా ఆనకట్ట కట్టి, 1958 చివర్లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. గుట్టలు లంకలయ్యాయి, లంకలు చిన్నబోయాయి, వాటి మీద జంతువులు చిక్కుకుపోయాయి. రూపర్ట్ ఫోథర్‌గిల్ అనే వన్యప్రాణి అధికారి నాయకత్వంలో పడవలేసుకుని వాటిని ఒడ్డుకు చేర్చే పని అయిదేళ్ల పైన సాగింది. దానికి ఆపరేషన్ నోవా అని పేరు. ఆరు వేల పైచిలుకు జంతువులు ఒడ్డెక్కాయి. జింకలు, అడవిపందులు, పాములు, ఖడ్గమృగాలు కూడా.

తాడుతో కాళ్లు కడితే జింక చర్మం తెగిపోయేది. అప్పుడెవరికో ఆడవాళ్ల నైలాన్ మేజోళ్లు తట్టాయి. మెత్తగా ఉంటాయి, సాగుతాయి, తెగవు. వాడిన మేజోళ్లు పంపమని అడిగితే కుప్పలుగా వచ్చాయి. వాటిని జడలుగా అల్లి తాళ్లు చేసుకున్నారు. కాలిఫోర్నియా గుర్రానికి యముడైన నైలాన్ కరీబా జింకకు మేలు చేసింది. సరుకు ఒకటే. మంట తేడా.

ఎలుగుబంటికి జిలేబీ చేప

మన చెరువుల్లో జిలేబీ చేప అని పిలిచే తిలాపియాను చాలామంది చేపల ప్రియులు పెద్దగా లెక్కచేయరు. దక్షిణ కాలిఫోర్నియాలో 2017 డిసెంబరు నాటి థామస్ కార్చిచ్చులో అరికాళ్లు కాలిపోయిన రెండు ఎలుగుబంట్లనూ ఒక కొండసింహం పిల్లనూ మళ్లీ నడిపించింది ఆ చేప చర్మమే. ఎలుగుబంటికి రోజూ కట్టు మార్చలేం, మాత్ర మింగించలేం, కట్టు కడితే పీకి తినేస్తుంది. యూసీ డేవిస్ పశువైద్యులు చేప చర్మాన్ని శుద్ధిచేసి అరికాళ్లకు కుట్టారు. దాని మీద చుట్టింది బియ్యప్పిండి కాగితం, మొక్కజొన్న పొత్తు తొక్క. పీకి తిన్నా ఏమీ కాదని. మనుషుల కాలిన గాయాల మీద ఈ వైద్యాన్ని అంతకుముందే బ్రెజిల్ డాక్టర్లు చేసి చూశారు. ఒక ఎలుగుబంటి చూలుతో ఉందని తేలడంతో తొందరపడి, 2018 జనవరిలోనే రెండిటినీ అడవికి పంపేశారు.

చేయకూడనివి కూడా ఉన్నాయి

2019-20 కార్చిచ్చుల్లో ఆస్ట్రేలియాలో సీసా పైకెత్తి కోలాకు నీళ్లు తాగిస్తున్న ఫొటోలు ప్రపంచమంతా చూసింది. అలా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గిన్నెలో పోసి ముందు పెట్టడమే సరైన పద్ధతి. థామస్ కార్చిచ్చప్పుడు రోడ్డు పక్కన గంతులేస్తూ ఒక కుర్రాడు కుందేలును కాపాడిన వీడియోకు లక్షల మంది కన్నీళ్లు పెట్టుకున్నారు. అడవి కుందేలుకు తన దారి తనకు తెలుసు, దాన్ని వదిలేయడమే మేలని వన్యప్రాణుల నిపుణులు నెత్తి కొట్టుకున్నారు.

ఆస్ట్రేలియాలోనే కంగారూ పిల్లల కోసం గుడ్డ సంచులు కుట్టిపెట్టండని అక్కడి కుట్టుపనివాళ్ల బృందం అడిగితే దేశదేశాలనుంచి ఎన్ని వచ్చాయంటే, ఇక చాలు బాబోయ్ అనాల్సి వచ్చింది. పోర్ట్ మక్వారీ కోలా ఆసుపత్రి నీటి తొట్ల కోసం 25 వేల ఆస్ట్రేలియా డాలర్లు అడిగితే 70 లక్షలు దాటాయి.

పెంగ్విన్ల ఈత

2000 జూన్ 23న కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ అనే ఓడ మునిగి చమురు ఒలికింది. దాదాపు 19 వేల ఆఫ్రికన్ పెంగ్విన్లకు చమురు అంటుకుంది. వేల మంది జనం సెలవులు పెట్టి వచ్చి వాటిని కడిగారు, ఒక్కొక్కదాని ముక్కు పట్టి చేప మింగించారు. పెంగ్విన్ ముక్కు కత్తెరలాంటిది. చేతులు రక్తాలు కారాయి. చమురు అంటని మరో 19,500 పక్షులను ఏం చేయాలి? లారీలెక్కించి పోర్ట్ ఎలిజబెత్ దాకా తీసుకెళ్లి సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ వందల కిలోమీటర్లు ఇంటికి వచ్చేలోపు కేప్‌టౌన్‌లో చమురు శుభ్రం చేయడం ప్రణాళిక. పీటర్, పామెలా, పెర్సీ అనే మూడు పెంగ్విన్లకు ఉపగ్రహ పరికరాలు తగిలిస్తే, దేశం క్రికెట్ స్కోరు చూసినట్టు వాటి దారి చూసింది. వచ్చాయి.

విశాఖలో

1996 నుంచి పనిచేస్తున్న విశాఖ జంతు సంరక్షణ సంస్థ ఆశ్రమాన్ని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దెబ్బతీసింది. కాపాడేవాళ్లే కప్పు పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

పరుపు మీద పులి

2019 జులై 18. అస్సాంలో కాజిరంగా జాతీయ పార్కు సగానికి పైగా నీళ్లలో ఉంది. ప్రతి వరదకూ జంతువులు జాతీయ రహదారి దాటి ఎదుటి కొండల మీదికి పోతాయి. అందుకే ఆ రోజుల్లో అక్కడ వాహనాలకు వేగం కట్టడి, ఎంతసేపట్లో దాటారో చూసే టైమ్ కార్డులు. ఆ పొద్దున్న ఒక ఆడపులి రోడ్డు పక్కన ఓ దుకాణదారు ఇంట్లోకి దూరి, ఆయన మంచమెక్కి పడుకుంది. పాపం, అలిసిపోయింది. ఇంటాయన బయటికి పరుగెత్తాడు. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వాళ్లు వచ్చారు. మత్తుమందు ఇవ్వలేదు, వల వేయలేదు. రోజంతా నిద్రపోనిచ్చారు. సాయంత్రం అయిదున్నరకు రహదారి మీద వాహనాలు ఆపించి, బాణసంచా పేల్చి నిద్రలేపారు. పులి లేచి, రోడ్డు దాటి, అడవివైపు వెళ్లిపోయింది. ఆ దుప్పటీ, ఆ దిండూ దాచుకుంటానని ఇంటాయన చెప్పాడు.